పన్నెండు నంబరు స్ప్రింగు

ఆ మంగళవారం పొద్దున మునిశేఖర్ ఒక ట్యాక్సీ కింద పడుకొని బోల్టు విప్పుతుండగా షెడ్డు ముందర ఏదో కారు వచ్చి ఆగింది. ఇంజను శబ్దం ఎప్పుడూ విన్నది కాదు. ఆగిన తర్వాత కూడా దాని ముందు భాగం రెండు మూడు సార్లు కిందికీ పైకీ ఊగింది. బంపరు నీడ నేల మీద ఊగడం చూసి, షాక్ అబ్జార్బర్లు నాలుగూ అయిపోయుండాయి అనుకున్నాడు. తలుపు తెరుచుకుంది. కింది నుంచి అతనికి చీర అంచు, ఆ అంచు కింద తెల్ల కాన్వాసు బూట్లు కనిపించాయి.

"రండి మేడం, రండి. సార్ పార్కింగు చేస్తాండాడా?" షెడ్డు యజమాని సురేంద్ర గొంతు.

"సార్ ఎవరూ లేరు. కారు నాదే."

మునిశేఖర్ చక్రాల పలక మీద వీపుతో జరుగుతూ బయటికి వచ్చాడు. ముదురు నీలం రంగు కారు, రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు. జపాన్ నుంచి ఎవరో తెప్పించుకొని, చేతులు మారి మారి బెంగళూరులో అమ్మకానికి వచ్చిన పాత స్పోర్ట్స్ కారు. హార్స్‌లీ హిల్స్ ఎక్కేవాళ్ళ దగ్గర ఇట్లాంటిది ఒకసారి చూసినాడు గానీ, చెయ్యి పెట్టింది ఎప్పుడూ లేదు.

ఆమె నలభై దాటిన మనిషి. పేరు వీణ. కుప్పంలో డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్తుందట. మాటలో కొంచెం అరవ యాస తగిలింది. బ్యాగులోంచి మడత పెట్టిన కాగితం తీసి సురేంద్ర టేబుల్ మీద పరిచింది. దాని మీద నీలం సిరాతో చక్రాల బొమ్మ, బాణాలు, అంకెలు.

"షాకులు, స్ప్రింగులు మొత్తం కొత్తవి వెయ్యాలి. కారు ఒక అంగుళం కిందికి దిగితే చాలు, అంతకంటే వద్దు. నేను రేసులకు పోను. ఆదివారం పొద్దున కుప్పం నుంచి పుంగనూరు దాకా పోతా, మళ్ళీ ఎనక్కి వస్తా. ఆ దారిలో పెద్ద స్పీడ్ బ్రేకర్లే పంతొమ్మిది ఉండాయి."

సురేంద్ర నవ్వి ఫోను తీశాడు. నేలకు ఆనుకునేంత కిందికి దించిన కార్ల ఫొటోలు వేలితో జరుపుతూ చూపించాడు. ఆమె నాలుగైదు చూసి ఫోను మర్యాదగా తిరిగి ఇచ్చింది.

"అన్నా, నువ్వొకసారి మేడంతో కూర్చొని రౌండేసి రా," అన్నాడు సురేంద్ర.

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీదుండే ఆ షెడ్డులో చక్రాల వెనక పనంతా మునిశేఖర్‌ది. పదకొండేళ్ళుగా ఏ బండి వచ్చినా అతను ముందు పక్క సీట్లో కూర్చుంటాడు. మాట్లాడడు. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి సీటు కింద పెట్టుకొని వింటాడు. నడిపేవాళ్ళు చాలామంది అతను పక్కనుంటే గొప్పకు పోయి బండిని తోలుతారు. ఈమె అట్ల చెయ్యలేదు. మలుపుకు ముందే బ్రేకు వేసి, లోపలికి పోయినాక స్టీరింగు ఒక్కసారే తిప్పి, అట్లే పట్టుకుంది. షాకులు చచ్చిన కారు పడవ మాదిరి ఊగుతున్నా దాన్ని చెప్పిన మాట వినేట్టు చేస్తాండాది. లారీ తోలేవాళ్ళలో ఇద్దరు ముగ్గురికి ఉండే చెయ్యి అది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమే అడిగింది: "ఏం వినిపించిందన్నా?"

"ముందర కుడి పక్క రబ్బరు బుష్ పోయిండాదమ్మా. షాకులైతే నాలుగూ అయిపోయినాయి."

"నేనూ కుడి అనే అనుకున్నా." ఆమె ముఖంలో చిన్న సంతోషం కనిపించింది, పరీక్షలో ఒక మార్కు ఎక్కువొచ్చిన పిల్లకాయకు వచ్చేలాంటిది.

వాళ్ళు వచ్చేసరికి సురేంద్ర స్టోరులోంచి ఒక పెట్టె తెచ్చి దుమ్ము తుడిచి పెట్టుండాడు. "మీ అదృష్టం మేడం. మీ బండికి సరిపోయే సెట్టు మన దగ్గరే ఉండాది. బెంగళూరోళ్ళు తెప్పించుకున్నది. ముప్పైరెండు క్లిక్కులు. మెత్తగా కావాలంటే మెత్తగా, గట్టిగా కావాలంటే గట్టిగా, ఈ మీట తిప్పితే సాలు. రేపు సాయంత్రానికి బండి మీ చేతికి."

ఆ పెట్టె రెండేళ్ళుగా స్టోరు మూలలో ఉండడం మునిశేఖర్‌కి తెలుసు. లోపల ఏముందో తెలీదు. బుధవారం పొద్దున కారును నాలుగు స్టాండ్ల మీదికి ఎత్తి, చక్రాలు విప్పి, పాత షాకులు దించి, కుడి పక్క బుష్ మార్చినాక పెట్టె తెరిచాడు. ఎర్ర స్ప్రింగులు. ఒక చుట్టు మీద తెల్ల అక్షరాలతో మూడు అంకెలు. మొదటిది లోపలి కొలత, రెండోది పొడుగు, మూడోది గట్టిదనం. ముందరివాటి మీద పన్నెండు. వెనకవాటి మీద పది.

చేతిలోని గుడ్డతో ఆ అంకెను తుడిచాడు. అది పన్నెండుగానే ఉంది.

టన్ను బరువు కూడా లేని కారు. దాన్ని ఒక మిల్లీమీటరు అణగదొక్కాలంటే పన్నెండు కేజీలు కావాలనే స్ప్రింగు. ఇది అద్దం మాదిరి ఉండే రేసు ట్రాకు కోసం ఎవరో తెప్పించుకున్నది. మీట తిప్పితే షాకులో ఆయిలు నిదానంగానో జోరుగానో పారుతుంది, అంతే. స్ప్రింగు గట్టిదనం ఏ మీటతోనూ పోదు. ఈ సంగతి సురేంద్రకీ తెలుసు.

స్ప్రింగు చేతిలో పట్టుకొని టేబుల్ దాకా పోయాడు. సురేంద్ర ఫోనులో టైర్ల లోడు గురించి మాట్లాడుతున్నాడు. మునిశేఖర్‌ని చూసి, ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "ఏమన్నా?" అన్నాడు.

"ఏం లేదు," అన్నాడు మునిశేఖర్.

వెనక్కి వచ్చి పని మొదలుపెట్టాడు. ఆమె కాలేజీకి సెలవు పెట్టినట్టుంది, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చొని పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. ఒక పేపరుకూ ఇంకో పేపరుకూ మధ్య తలెత్తి అతని చేతుల కేసి చూస్తోంది. అతను వంకీ పానాతో స్ప్రింగును పట్టి ఉంచే కింది రింగు బిగిస్తుండగా లేచి వచ్చి, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకొని, చక్రం ఉండాల్సిన ఖాళీ పక్కన కూర్చుంది.

"ఇది పన్నెండా అన్నా?"

అతనికి వినిపించింది. పానా రింగు గాడిలో పడింది, జారింది, మళ్ళీ పడింది. వెనక నుంచి సురేంద్ర అందుకున్నాడు: "అది మోడల్ నంబరు మేడం. కంపెనీ వాళ్ళు ఏందేందో వేస్తారు."

ఆమె సురేంద్ర వైపు తిరగలేదు. మునిశేఖర్ ముఖంలోకి చూసింది. కొంచెంసేపు అట్లే చూసింది. అతను రింగును చూస్తూ మూడు చుట్లు బిగించాడు.

సాయంత్రం ఐదుకు కారు పోయింది. షెడ్డు వాకిట్లో కాలువ మీద వేసిన ఇనప పట్టీ దాటేటప్పుడు పాత కారు మాదిరి ఊగలేదు. ఠక్కుమని నాలుగు చక్రాలతో ఒకేసారి ఎగిరి పడింది. "సూడన్నా, ఎంత టైటుగా ఉండాదో," అన్నాడు సురేంద్ర.

*

శుక్రవారం పదకొండు గంటలప్పుడు సురేంద్రకి ఫోనొచ్చింది. అలైన్‌మెంటు గుంతలో ఉన్న మునిశేఖర్‌కి అతని మాటలు మాత్రమే వినిపించాయి.

"అయ్యో... అవునా మేడం... లేదు లేదు, బండిలో ఏం లేదు. స్పోర్ట్స్ కారంటే అట్నే ఉంటాది... కొంచెం స్పీడు మీద పోయింటారు... అట్ల కాదు మేడం, ఆడోళ్ళకి ఈ బండి కొంచెం కష్టమే, నేను మొన్ననే చెప్దామనుకుంటి... అమ్మేస్తారా? అయితే నాకు వదిలెయ్యండి. బెంగళూరులో మనోడు ఒకడుండాడు, ఆదివారం పంపిస్తా."

ఫోను పెట్టేసి గుంత అంచుకు వచ్చాడు. "వి.కోట దాటినాక మలుపులో ఏదో గుంత తగిలి పక్కకు ఎగిరిపోయిందంట. రోడ్డు పక్క పాతిన రాతి కూసానికి కొట్టుకొనిందంట."

"మనిషికి?"

"మనిషికేం కాలేదు. భయపడింది, పాపం." సురేంద్ర గొంతులో చెడ్డతనం ఏమీ లేదు. పోయినేడు మునిశేఖర్‌కి కడుపునొప్పి వస్తే తన బండిలో ఆస్పత్రికి తీసుకుపోయి, రెండు రోజులు పక్కనే కూర్చున్న మనిషే. "అన్నా, ఆ ట్యాక్సీ మధ్యాన్నానికి ఇచ్చెయ్యాల."

మునిశేఖర్ గుంతలో నిలబడి, తల పైనున్న ట్యాక్సీ చక్రాన్ని పట్టుకొని ఊపాడు. ఏం చూడాలని ఊపాడో మరిచిపోయి మళ్ళీ ఊపాడు.

శనివారం సెలవడిగాడు. పొద్దున్నే శారదమ్మ మెస్సులో ఇడ్లీ తింటుంటే, ఉతికిన చొక్కా చూసి ఆమె అడిగింది: "ఈ పొద్దు పని లేదా? యాడికి?"

"కుప్పం."

"ఆడ ఎవురుండారు నీకు?"

"ఎవురూ లేరమ్మా."

ఆమె ఇంకేదో అడగబోయి, చట్నీ గిన్నె తీసుకొని అవతలి బల్ల దగ్గరికి పోయింది. ఆరేళ్ళుగా ఆ మెస్సులో తింటున్నా అతని గురించి ఆమెకు తెలిసింది అంతే. అతను చెప్పింది అంతే.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పుంగనూరు దాటినప్పటి నుంచి బ్రేకర్లు లెక్కపెట్టాడు. కర్రలకు కట్టిన టమాటా తోటలు, మామిడి తోపులు, గుండ్లు పేర్చినట్టుండే కొండలు కిటికీలో వెనక్కి పోతున్నాయి. ఒక్కో బ్రేకరు దగ్గర బస్సు కింద కమాను పట్టీలు మూలుగుతుంటే అతను ఆ నీలం కారునే ఊహించుకున్నాడు. ఇక్కడ చక్రం పైకి పోదు, కారే పైకి పోతుంది. ఇక్కడ గుంత వస్తే చక్రం కిందికి దిగదు, గాల్లో ఉండిపోతుంది. నేల మీద లేని చక్రానికి స్టీరింగు తిప్పితే ఏముంది?

వి.కోట తర్వాత ఆ మలుపు వచ్చింది. రోడ్డు అంచున తెల్ల సున్నం వేసిన కూసాల్లో ఒకటి పక్కకు ఒరిగి ఉంది. దాని మీద అరచెయ్యంత నీలం గీత. కూసం వెనక ఏటవాలుగా రాళ్ళ గుంత. బస్సు ఆగకుండా పోయింది. మునిశేఖర్ మెడ తిప్పి, అది కనిపించినంతసేపూ చూశాడు.

కుప్పం వచ్చేసరికి లెక్క ఇరవై ఒకటి. ఆమె చెప్పిన దానికంటే రెండు ఎక్కువ. కొత్తగా వేసుంటారు.

*

నీలం కారు గల మేడం ఇల్లు ఎవరిని అడిగినా చెప్పారు. రైలు గేటు దాటి రెండో సందు, మేడ మీద అద్దె వాటా. కింద రేకుల పందిరిలో కారు ఉంది. ముందు ఎడమ పక్క మడ్‌గార్డు నలిగి, దీపం అద్దం పగిలుంది. పైకి పోయే ముందు మునిశేఖర్ కారు ముక్కు మీద రెండు చేతులూ ఆనించి బరువంతా మోపాడు. అది కదల్లేదు.

"ఎవరు?" మెట్ల మీద నుంచి వీణ. అతన్ని గుర్తుపట్టడానికి ఒక నిమిషం పట్టింది. "మీరా? సురేంద్ర పంపించినాడా?"

"లేదమ్మా. నేనే వచ్చినా."

ఆమె కింది మెట్టు దాకా దిగి ఆగింది. ఎడమ మణికట్టుకు గుడ్డ పట్టీ కట్టుంది. "రేపు ఎవరో చూడ్డానికి వస్తారంట. ఇచ్చేస్తాను. నాకు చేతకాలేదన్నా. ఇన్నేళ్ళు నడుపుతాండాను, బాగా నడుపుతా అనుకుంటి. అంతా నా భ్రమ."

"మీ తప్పేం లేదమ్మా."

"అట్ల అనేదానికి వచ్చినారా ఇంత దూరం?"

అతను కారు వైపు తిరిగి, కారుతో చెప్పినట్టు చెప్పాడు. "ఆ స్ప్రింగులు పన్నెండు కేజీలవి. ఎనకవి పది. ఈ బండికి, ఈ రోడ్డుకు అందులో సగం సాలు. గుంతలో చక్రం దిగలేదు. బండి నేల మీద లేనప్పుడు ఎవురు తోలినా పక్కకే పోతాది. నేను తోలినా అంతే."

రైలేదో గేటు దగ్గర కూత వేసుకుంటూ పోయింది. అది పోయినాక ఆమె అడిగింది.

"బిగించేటప్పుడే తెలుసా?"

"తెలుసు."

"నేను అడిగినా."

"అడిగినారు."

"మిమ్మల్నే అడిగినా. ఆయన్ని కాదు." ఆమె గొంతు పెరగలేదు. ఇంకా తగ్గింది. "పదహారేళ్ళుగా పిల్లకాయలకి స్ప్రింగుల లెక్కలు చెప్తాండాను. మదనపల్లెకు వచ్చింది కూడా లెక్క వేసుకొనే వచ్చినా. ఆ పన్నెండు చూస్తానే తెలిసిపోయింది. అప్పుడు మీ మొహం చూసినా. ముందురోజు కూర్చున్న ఒక్క రౌండులో కుడి పక్క బుష్ అని చెప్పిన మనిషి గదా, ఈయనకు తెలీకుండా ఉండదు, ఈయనే గమ్మునుండాడంటే నా లెక్కే తప్పు అనుకున్నా. రాయికి కొట్టుకున్నాక కూడా నేనే తప్పనుకున్నా. మూడు రోజులుగా అదే అనుకుంటాండాను."

సురేంద్ర అబద్ధం చెప్పాడని చెప్పడానికి మునిశేఖర్ ఇంత దూరం వచ్చాడు. ఆమె ఆ అబద్ధాన్ని ఒక్క క్షణం కూడా నమ్మలేదట. నమ్మింది అతని మౌనాన్ని.

ఆమె మెట్లెక్కి లోపలికి పోయింది. తలుపు వేసుకుంది. కూర్చోమనలేదు, మంచినీళ్ళు కావాలా అనలేదు. సందులో ఒక ముసలావిడ పూలగంప పెట్టుకొని పోతూ అతన్నీ కారునీ చూసింది. పోదామనుకున్నాడు. ఒక అడుగు వేసి, మళ్ళీ వచ్చి ఎడమ చక్రం పక్కన కూర్చున్నాడు. రిమ్ము అంచు వంగిందేమోనని వేలు పెట్టి చుట్టూ తడిమాడు. వంగలేదు. చక్రం వెనక దాన్ని పట్టుకునే ఇనప చేతులు తడిమాడు. అవీ బాగానే ఉన్నాయి. దెబ్బ రేకుకే తగిలింది.

తలుపు చప్పుడైంది. ఆమె పెన్ను, కాగితాల అట్ట పట్టుకొని వచ్చి, అతనికి ఎదురుగా కింది మెట్టు మీద కూర్చుంది.

"చెప్పండి. ముందర ఎంత? ఇప్పుడు చెప్పండి, తర్వాత కాదు."

"ఐదున్నర."

"నాకు ఆరు వచ్చింది."

"ఆరైతే మలుపులో బాగుంటాది. మీరు పోయే దారిలో బ్రేకర్లు ఇరవై ఒకటుండాయి."

"పంతొమ్మిది."

"ఇరవై ఒకటమ్మా. ఇప్పుడే లెక్కపెట్టుకుంటా వచ్చినా."

ఆమె తలెత్తి అతన్ని చూసింది. నవ్వలేదు గానీ కాగితం మీద ఐదున్నర రాసింది. వెనక నాలుగు. షాకులు అవే ఉంచుకొని, మీట మెత్తగా పెట్టుకుంటే సరిపోతాయి. స్ప్రింగు పొడుగు ఇంకో రెండు సెంటీమీటర్లు ఎక్కువ తీసుకోవాలి, చక్రం కిందికి దిగేదానికి చోటుండాలి. అతను చెప్తుంటే ఆమె గీసింది, కొట్టేసింది, మళ్ళీ గీసింది. గంట పట్టింది. రేపు కారు చూడ్డానికి ఎవరూ రానక్కర్లేదని చెప్పేసి, స్ప్రింగులు బెంగళూరు నుంచి తానే తెప్పించుకుంటానంది.

"బిగించేది సురేంద్ర షెడ్డులో కాదు."

"పుంగనూరులో ఆంజనేయులని, లారీ కమాను పట్టీల షెడ్డు. నాకు తెలిసినోడే. నేను బిగిస్తా, ఊరికే..."

"మీరు కాదు," అంది వీణ. "నేను బిగిస్తా. మీరు పక్కన నిలబడి చెప్పాలి. గమ్మునుండకూడదు."

*

సోమవారం పొద్దున టేబుల్ దగ్గర నిలబడి, కుప్పం పోయొచ్చిన సంగతి సురేంద్రకి తానే చెప్పాడు. సురేంద్ర అరవలేదు. టీ గ్లాసును టేబుల్ మీద గుండ్రంగా తిప్పాడు.

"ఆమెకు చెప్పేదానికి వంద కిలోమీటర్లు పోతివి. నాకు చెప్పేదానికి పదడుగులు గదన్నా. చెప్పుండొచ్చు గదా."

అది నిజమే. ఆ పదడుగులు నడిచి కూడా, 'ఏం లేదు' అన్నది తనే. మునిశేఖర్ తల ఊపాడు. తన పానాల పెట్టెలోంచి షెడ్డువి వేరు చేసి బల్ల మీద పెట్టి, తనవి తీసుకొని వచ్చేశాడు. ఉండమని సురేంద్ర అనలేదు. పొమ్మని కూడా అనలేదు.

ఆదివారం పొద్దున ఏడుకే పుంగనూరులో ఆంజనేయులు షెడ్డు ముందర టమాటా ఆటో ఆగింది. అందులోంచి నాలుగు కాటాలు దించారు. నీరుగట్టువారిపల్లె మార్కెట్టు యార్డులో మండీ నడిపే జయచంద్రని అడిగి మునిశేఖర్ తెచ్చినవి, క్రేట్లు తూకం వేసే పెద్ద పళ్ళేల కాటాలు. ఆ సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలి.

"కారును కాటా మీద పెట్టేది నేనెప్పుడూ సూళ్ళేదప్పా," అన్నాడు ఆంజనేయులు. పెద్ద బొర్రతో, నూనె మరకల బనీనుతో ఉండే మనిషి. "అమ్మేదానికా?"

"ఏ చక్రం మీద ఎంత బరువు పడతాండాదో సూసేదానికి."

వీణ చీర బదులు పాత పంజాబీ డ్రెస్సు వేసుకొని వచ్చింది. మణికట్టు పట్టీ తీసేసింది. మొదటి స్ప్రింగు విప్పడానికి ఆమెకు నలభై నిమిషాలు పట్టింది. పానా జారి వేలి కణుపు గీసుకుంటే నోట్లో పెట్టుకొని చప్పరించి, మళ్ళీ పట్టుకుంది. మునిశేఖర్ చేతులు రెండూ వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. అంత కష్టమైన పని అతను ఎప్పుడూ చెయ్యలేదు. రెండుసార్లు చెయ్యి దానంతటదే ముందుకు పోయింది, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాడు. ఆమె చక్రం వెనక ఇనప చేతుల బోల్టులు బిగించబోతే మాత్రం వెంటనే అడ్డం పడ్డాడు: "ఇప్పుడొద్దమ్మా. బండి నేలకు దిగినాక బిగించాల. గాల్లో ఉండంగా బిగిస్తే లోపల రబ్బరు మెలికపడిపోతాది."

నాలుగోది బిగించేసరికి ఆమెకు పావుగంట చాలింది.

కారును కాటాల మీదికి నెట్టారు. ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది. పక్క సీటుకు బరువు పెట్టడానికి అతను రెండు క్రేట్ల టమాటాలు కూడా తెప్పించాడు. ఒక క్రేటు ఎత్తి తలుపు దగ్గరికి వచ్చి అడిగాడు.

"పక్కన ఎక్కువగా ఎవురు కూర్చుంటారమ్మా? మొగోళ్ళా, ఆడోళ్ళా? ఆ బరువును బట్టి పెట్టాల."

వీణ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకొని ముందుకు చూస్తోంది. ముందు ఆంజనేయులు గోడకు ఆనించిన తుప్పు పట్టిన కమాను పట్టీలు తప్ప ఏమీ లేవు.

"ఎవరూ కూర్చోరు."

"ఎప్పుడన్నా..."

"ఎప్పుడూ కూర్చోలేదు. మొన్న మీరు కూర్చున్నారు, అంతే."

అతను క్రేటును తీసుకుపోయి గోడ పక్కన, రెండో క్రేటు మీద పెట్టి వచ్చాడు. "అయితే ఒక్క మనిషికే తూకం కడదాం. ఇంకా సరిగ్గా వస్తాది. అదే బాగుంటాది."

"బాగుంటాదా?"

"బండికి బాగుంటాది," అన్నాడు.

ఎదురెదురు మూలల బరువులు కూడితే రెండు మొత్తాలూ దగ్గరగా రావాలి. అతను అంకెలు చదివాడు, ఆమె సీట్లో కూర్చొనే మనసులో కూడింది. వెనక ఎడమ రింగు అర చుట్టు పైకి. ముందర కుడి పావు చుట్టు కిందికి. ప్రతిసారీ ఆమె దిగి తిప్పి, మళ్ళీ ఎక్కి కదలకుండా కూర్చుంది. పదకొండున్నరకు ఒక మొత్తం ఐదొందల ఇరవైరెండు, ఇంకోది ఐదొందల ఇరవైనాలుగు వచ్చాయి. ఆంజనేయులు లారీ కమాను పట్టీ కొట్టడం ఆపి వచ్చి చూసి, "కొబ్బరికాయ కొట్టొచ్చు," అన్నాడు.

షాకు మీటలు ముందర ఎనిమిదో క్లిక్కు మీద, వెనక పదో క్లిక్కు మీద పెట్టమన్నాడు మునిశేఖర్. ఆమె పెట్టింది. కారు రోడ్డు మీదికి వచ్చింది. పదకొండేళ్ళ అలవాటు కొద్దీ అతను పక్క తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. వేసి ఆగిపోయాడు. తాను ఎక్కితే ఇంతసేపూ కట్టిన తూకమంతా తప్పుతుంది. ఆమె అతని చేతిని చూసింది. ఎక్కమనలేదు. అతను చెయ్యి తీసి చొక్కాకు తుడుచుకున్నాడు.

"పలమనేరు దాకా పోయొస్తా," అంది.

గంటకు పైనే పట్టింది. ఆ సేపంతా అతను రోడ్డు అంచునే నిలబడ్డాడు. పక్క సీట్లో కూర్చోకుండా ఒక బండిని పంపడం అతనికి ఇదే మొదలు. అక్కడ ఏం శబ్దం వస్తాందో, ఏ మలుపులో ఏమవుతాందో తెలీదు. ఆంజనేయులు రెండుసార్లు టీకి పిలిచి, అన్నానికి పోయాడు.

నీలం కారు వచ్చి ఆగింది. ముందు భాగం ఒక్కసారి వంగి లేచి, నిలిచిపోయింది. వీణ ముఖం ఎండకు ఎర్రబడింది. దిగి, వెనక చక్రం దగ్గర నిలబడింది.

"దారిలో ఆపి ఎనక మీటలు మార్చినా," అంది. "మీరు పదో క్లిక్కు అన్నారు. బ్రేకరు దాటేటప్పుడు ఎనక భాగం వీపు మీద కొట్టినట్టు ఉండె. నాలుగు తగ్గించి ఆరు మీద పెట్టినా. ఇప్పుడు లేదు."

అని అతని ముఖంలోకి చూసింది. ఆ బుధవారం చూసినట్టే చూసింది.

మునిశేఖర్ వంగి కారు వెనక భాగాన్ని రెండు చేతులతో అణిచి వదిలాడు. ఇంకోసారి అణిచాడు. లేచి నిలబడేలోపే నోరు తెరిచాడు.

"మీరు పెట్టిందే కరెక్టమ్మా. నేను చెప్పింది తప్పు. ఆ షాకులు గట్టి స్ప్రింగుకు చేసినవి గదా, మెత్తటిదానికి అంత బిగువు అక్కర్లేదు. నేను లారీ అలవాటులో పది అన్నా."

"ఆరేనా?"

"ఆరే."

ఆమె ఇంకో క్షణం చూసి తల ఊపింది. నోటుపుస్తకం తీసి ఆరు అని రాసి, కింద గీత గీసుకుంది. మీటలు మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలని అడగలేదు. అడగాల్సిన పని లేదు, ఆమెకు వచ్చేసింది. కూలీ డబ్బులు అతని చేతిలో పెట్టి, "పోయొస్తానన్నా," అంది. కారు గుడ్డ కప్పు వెనక్కి మడిచి కట్టుకొని బయల్దేరింది.

షెడ్డు అవతల వంద గజాల్లో మొదటి బ్రేకరు. మునిశేఖర్ చెవి అటు పెట్టాడు. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి, రెండు మెత్తటి చప్పుళ్ళు. ఇంకేమీ లేదు. ఆ తర్వాత ఇంజను శబ్దం చెరుకు బండ్ల మధ్య కలిసిపోయింది.

టమాటా ఆటో వాడు వచ్చి రోడ్డుకు అవతలి పక్క నిలిపి హారను కొట్టాడు. కాటా పళ్ళెం ఇద్దరు చెరో పక్క పట్టుకొని మోసేది. ఆంజనేయులు ఇంకా అన్నం నుంచి రాలేదు. మునిశేఖర్ మొదటి కాటాను అంచు మీద నిలబెట్టి, ఒక మూల ముందుకు, ఇంకో మూల ముందుకు, దాన్ని మెల్లగా నడిపించుకుంటూ రోడ్డు దాటించాడు.